బండల పక్కన చెలిమె

లక్సెట్టిపేట, ఆదివారం రాత్రి

గోదావరి ఇసుకలో తవ్విన చెలిమె నీళ్లు తాగనంటే నాకు పొగరెక్కిందని మా ఇంట్లో లెక్క. "సదువుకున్నదానికి గోదారి గూడ వాసనొస్తుందా?" అని అవ్వ ఎత్తిపొడిచింది. బాపు నవ్వి, "ఇసుకల వడగట్టిన నీళ్లు బిడ్డా, మీ ఫిల్టర్ల కన్న నయం" అన్నాడు.

కానీ ఆ చెలిమె బట్టలుతికే బండల పక్కనే ఉంది. ఇవాళ అక్కడ ఎవరూ ఉతకలేదు. అయినా బండల కింది నీళ్లను కట్టెతో కెలికితే నల్లటి బురద లేచి, దానిమీద సబ్బు నురగ తేలింది. సర్ఫులోని రసాయనాలు బురదకు అంటుకుని చాలా రోజులుంటాయని చదివాను. చెలిమెలోకి ఎంత దిగిందో మరి...

పప్పు మెత్తగా ఉడుకుతుందని కాన్పుకొచ్చిన అక్కకు ఆ నీళ్లతోనే వండుతున్నారు. బురదను కరీంనగర్‌లో పరీక్ష చేయించాలి. ఫలితం వచ్చేదాకా ఆగను. పొద్దున్నే బండలకు ఎగువన కొత్త చెలిమె తవ్వి, పాతది పూడ్చేస్తాను.