సమాధానం రాలేదు

ఏప్రిల్ 29, మధ్యాహ్నం
ఈ వేళప్పుడు బేతంచెర్ల నీళ్ల అడుగున ఉన్న ఊరిలా ఉంటుంది. బండలు కోసే మిషన్ల హోరు ఒక్కటే. తెల్లటి దుమ్ములో లారీలు ఈదుతున్నట్టు పోతాయి. నేను సగం కలలోనే టైప్ చేస్తుంటాను.

పాలిష్ ఫ్యాక్టరీల యజమానుల సంఘంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా నాకిది నాలుగో ఏడు. ఈ రోజు ప్రెసిడెంట్ రాజశేఖర్ సార్ కొత్త పని చెప్పారు. ఓటర్ గైడ్. ఎమ్మెల్యే పోటీలో ఉన్న ముగ్గురికీ ఐదు ప్రశ్నలు పంపాలి. కరెంటు చార్జీలు, రాయికి ప్రభుత్వానికి కట్టే రాయల్టీ, లారీ రోడ్డు, అలాంటివి. జవాబులు మూడు కాలమ్స్‌లో పక్కపక్కన వేసి, కింద సంఘం మద్దతు ఎవరికో చెప్పాలి. చదువుకొని ఓటేస్తారమ్మా మనోళ్లు అన్నారు. నాకూ నచ్చింది.

మే 2
రెండు పెద్ద పార్టీల జవాబులు కార్లలో వచ్చాయి. మంచి లెటర్‌హెడ్లు.

మే 3
మూడో అభ్యర్థి తనే నడుచుకుంటూ వచ్చింది. వెంకటేశ్వరమ్మ, ఇండిపెండెంట్. స్టేషన్ దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది. ఆమె భర్త బండలు కోసీ కోసీ, ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి పోయాడు. గీతల కాగితం మీద రాసిన ఉత్తరం ఇచ్చి, కాపీ మీద స్టాంపు, సంతకం అడిగింది. చేశాను. ఏం పాపా, ఎండకు శానా అలిసిపోయినావే, నీళ్లు తాగు అంటూ టేబుల్ మీదున్న నా బాటిలే తీసి నాకిచ్చింది.

ఐదింటికీ జవాబులున్నాయి. కింద ఆరోది తనే రాసింది: మీ పనోళ్లకు ఛాతీ పరీక్షలు ఎప్పుడు చేయిస్తారు?

సార్ రెండుసార్లు చదివి సొరుగులో పెట్టేశారు.

మే 4
మూడో కాలమ్‌లో 'సమాధానం రాలేదు' అని పెట్టమన్నారు. వచ్చింది కదా సార్ అన్నాను. వచ్చిందని నీకూ నాకూ ఆయమ్మకూ తప్ప ఎవురికి తెలుసమ్మా అన్నారు, మెల్లగా. చెడ్డ మనిషి కాదు. నాన్నకు ఊపిరాడనప్పుడు తన కార్లో కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లింది ఈయనే.

టైప్ చేశాను. రెండు మాటలు. సెంటర్ అలైన్ కూడా చేశాను.

మే 5, ఆదివారం
చర్చిలో కళ్లు మూతలు పడ్డాయి. కలలో ఒక పెద్ద బండ. పాలిష్ పట్టేకొద్దీ అందులో నా మొహం మసకబారిపోతోంది.

మే 8
గైడ్ నాలుగు వేల కాపీలు ఫ్యాక్టరీలన్నింటికీ వెళ్లాయి. మా ఇంటికీ వచ్చింది. ఇరవై రెండేళ్లు క్వారీలో బండలు తీసిన నాన్న, కళ్లజోడు పెట్టుకొని దాన్ని అక్షరం అక్షరం చదివాడు. ఆయమ్మ ఎందుకు రాయలేదో, సదువు రాదేమో పాపం అన్నాడు.



మే 10
ఆఫీసులో సంఘం మీటింగ్. వెంకటేశ్వరమ్మ లోపలికి వచ్చింది. అరవలేదు. స్టాంపు వేసిన కాపీ తీసి చూపించి, నా ఉత్తరం యాడ పోయిందప్పా అని అడిగింది. ఎక్కడో కాగితాల్లో కలిసిపోయి ఉంటుందమ్మా అన్నారు సార్.

అప్పుడు చూశాను. కాపీని పట్టుకున్న ఆమె బొటనవేలు సరిగ్గా నా సంతకం మీద ఉంది. చెయ్యి మార్చుకుంటున్నా ఆ వేలు మాత్రం కదలడం లేదు. నన్ను దాస్తోంది.

గది మెల్లగా దూరం జరిగిపోయినట్టు అనిపించింది. నా గొంతు వేరెవరిదోలా వినపడింది. వచ్చింది సార్, మూడో తారీఖు పదకొండున్నరకు, నేనే తీసుకున్నా, రాలేదని టైప్ చేసిందీ నేనే అన్నాను.

యజమానులంతా సార్ వైపు చూశారు. రెండు మిషన్ల చిన్న ఫ్యాక్టరీ గాబ్రియేలు ఒక్కడే, ఏం రాసిందో సదువు పాపా, ఇందాం అన్నాడు. ఒకప్పుడు నాన్నతో క్వారీలో పనిచేసినవాడు. ఆమె చేతిలోని కాపీ తీసుకొని నిలబడే చదివాను. ఆరో ప్రశ్నను రెండుసార్లు చదివాను.

మే 11
సార్ ఫోన్ చేశారు. రేపటి నుంచి రావద్దన్నారు. కోపం లేదు గొంతులో, అలసట ఉంది. మీ నాయనకు నేను చేసింది మర్చిపోయినావామ్మా అన్నారు.

మర్చిపోలేదు సార్, అందుకే ఆ రోజు టైప్ చేసినా అన్నాను.

 

మే 13
పోలింగ్. నాన్నను ఆటోలో తీసుకెళ్లాను. ఎవరికేశాడో నేను అడగలేదు, తను చెప్పలేదు.

జూన్ 4
సంఘం చెప్పినాయనే గెలిచాడు. వెంకటేశ్వరమ్మకు పంతొమ్మిది వందల ఆరు ఓట్లు. డిపాజిట్ పోయింది. సాయంత్రం బండి దగ్గరికి వెళ్తే దోసె పోస్తూ, ఇంతమంది ఉండారా పాపా అంది ఆశ్చర్యంగా.

జూన్ 11, ఉదయం
గాబ్రియేలు ఫ్యాక్టరీ ముందు కర్నూలు నుంచి వచ్చిన ఎక్స్-రే వ్యాన్. ఆ ఒక్క ఫ్యాక్టరీ ముందే. చొక్కాలు విప్పిన మగాళ్ల వరుస, మధ్యలో నాన్న. గాలి పీల్చి పట్టుకోండి అంటున్నారు లోపల నుంచి.

బయట నిలబడి నేనూ పట్టుకున్నాను.