అత్త గొంతులో దాగిన నాన్న

నాన్నా,

ఈ రోజు నీ సంవత్సరీకం. సుంగై సిపుట్ ఊరి నుంచి చిన్నాన్న పాత క్యాసెట్టొకటి తెచ్చాడు. రేడియో హాస్యనాటికలో నువ్వు పలికిన గయ్యాళి అత్త అందులో ఉంది. రబ్బరు ఎస్టేటు ఆడవాళ్ళు స్టూడియోకి రారని ఆ గొంతు నీకే అప్పగించేవారు. నీ సొంత గొంతు మాత్రం ఎవరూ రికార్డు చేయలేదు.

అందరం కూర్చుని విన్నాం. తెలుగు సగమే అర్థమైనా పిల్లలు పడీపడీ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"ఈ ముసిల్ది నాకేటికి లా? మీ నాన్నేడీ?" అంది, అలవాటైన మలయ్ 'లా' తగిలించి.

చివర్లో అత్త అరిచి అరిచి ఆగింది. మైకుకు దూరంగా ఎవరో రెండుసార్లు దగ్గారు. ఇంట్లో సాధన చేశాక నువ్వు దగ్గే దగ్గు అది.

అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసుతో వేణ్ణీళ్ళు తెచ్చి, టేపురికార్డరు పక్కన పెట్టింది.