వకీలు ఖర్చు ఎవరి నెత్తిన

మధ్యవర్తి గారి ఆఫీసు గుమాస్తా గారికి, రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను నడిపినవాడు నమస్కారాలతో రాయించేది.

నా కుడిచెయ్యి మణికట్టు దాకా మిషనులో పోయింది. ఫ్యాక్టరీవాళ్ళు పరిహారం ఇవ్వాలని మధ్యవర్తి గారు తేల్చారు, సంతోషం. కానీ అందులో సగానికి పైగా మా వకీలు ఫీజుకే పోతుంది. ఆ ఫీజు ఫ్యాక్టరీ కట్టాలా, నేను కట్టాలా అన్నది అయ్యగారి విచక్షణట. దయచేసి ఆ విచక్షణేదో ఫ్యాక్టరీ వైపు తిప్పమనండి. పరిహారం పూర్తిగా చేతికొస్తే చిన్న కొట్టు పెట్టుకుంటాం. లేకపోతే మాకు గడవదు.

ఇట్లు, మీ విధేయుడు.

తా.క.: ఇది రాస్తున్నది ఆయన భార్యనండి. ఆయన 'దయచేసి' అని ఒక్కసారే చెప్పారు. ఇంకో నాలుగుసార్లు అన్నారనుకోండి.

*

ప్రెస్సు మిషను వారికి,

ఖర్చుల అర్జీ అర్జీదారు స్వహస్తంతో రాయాలి. మీది మీ ఆవిడ రాసింది కాబట్టి తిప్పి పంపుతున్నాను.

ఇట్లు, గుమాస్తా.

తా.క.: రాయడం కుదరకపోతే కుడిచేతి వేలిముద్ర వేసినా చెల్లుతుంది.

*

గుమాస్తా గారూ,

చెయ్యి పోయిందని రాసిచ్చింది మీ ఆఫీసే. వేలిముద్ర కావాలంటే ఫ్యాక్టరీనే అడగండి. నా వేళ్ళు అక్కడే ఉండిపోయాయి.

ఇట్లు, అర్జీదారు.

తా.క.: ఆయన కోపంలో అన్నారు, నేను రాసేశాను. మనసులో పెట్టుకోకండి.

*

ప్రెస్సు మిషను వారికి,

మీరు చెప్పినట్టే వేలిముద్ర కోసం ఫ్యాక్టరీకి రాశాను. అలాంటి వస్తువేదీ తమ స్టోర్సులో లేదని వాళ్ళు జవాబిచ్చారు. దాన్ని ఫైలులో పెట్టాను.

ఎడమచేత్తో రాసినా స్వహస్తమే. మూడు నెలల గడువిప్పించాను.

ఇట్లు, గుమాస్తా.

తా.క.: మావాడికి అక్షరాలు వచ్చేసరికి రెండేళ్ళు పట్టింది. మీరు తొందరపడకండి, ఆలస్యమూ చేయకండి.

*

గుమాస్తా గారికి నమస్కారం.

ఇది నేనే రాస్తున్నాను. మా ఆవిడ చిన్నపిల్లల కాపీపుస్తకం కొనుక్కొచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. మొదటి నెలంతా సిగ్గుతో చచ్చాను. ఈ కాగితం పదకొండోసారి రాసింది. తప్పులు పోయినవన్నీ చింపేశాను.

నా తప్పు లేకుండా చెయ్యి పోయింది. పరిహారం అడిగితే ఫ్యాక్టరీవాళ్ళు ఇవ్వబోమన్నారు కాబట్టే వకీలును పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఖర్చు వాళ్ళే భరించాలని కోరుతున్నాను.

ఇట్లు, అర్జీదారు, స్వహస్తంతో.

తా.క.: మా ఆవిడను పెన్ను ముట్టనివ్వలేదు. పక్కన కూర్చుని ఏడుస్తోంది, సంతోషంతోనే.

*

అయ్యా,

మధ్యవర్తి గారు ఈ రోజు ఉత్తర్వు ఇచ్చారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అర్జీదారు దస్తూరి ముచ్చటగా ఉంది. వాదన సూటిగా ఉంది. తన మొర ఇంత చక్కగా తానే రాసుకోగలిగిన మనిషికి అసలు వకీలుతో పని లేదు. అనవసరంగా పెట్టుకున్న వకీలు ఖర్చును ఎదుటివారి మీద వేయడం న్యాయం కాదు. నా విచక్షణ మేరకు, ఆ ఖర్చు అర్జీదారే భరించాలి."

దీని మీద అప్పీలు లేదు.

ఇట్లు, గుమాస్తా.

తా.క.: మామూలుగా అయ్యగారు అర్జీలు చదవరు, సంతకం పెట్టేస్తారు. ఫ్యాక్టరీయే భరించాలని ఉత్తర్వు నేను ముందే టైపు చేయించి పెట్టాను. మీ రాత చూసి ఆగలేక, ఎడమచేత్తో రాశాడండీ అంటూ ఆ కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. చాలా మెచ్చుకున్నారు.