మీరనే ‘పైలం’

అత్తమ్మా,

ఈరోజు ఎల్బీనగర్ కోర్టులో మీ అబ్బాయీ నేనూ విడాకులకు కాగితాలు పెట్టుకున్నాం. తెలంగాణ కోసం లాయర్లు కోర్టులు బహిష్కరించడంతో రెండుసార్లు ఊరికే తిరిగొచ్చాం. కాగితాల్లో మా సొంతూళ్ళు చూసి లాయరుగారి గుమస్తా, “ఏందమ్మా, మీ ఇంట్ల గూడ ఆంధ్రా తెలంగాణ లొల్లేనా?” అన్నాడు. ఇద్దరం ఒకేసారి కాదన్నాం. ఈ మధ్యకాలంలో మేం కలిసి అన్న మాట అదొక్కటే.

పెళ్ళైన కొత్తలో ఆయన “పోతున్న” అని గడప దాటితే నాకు గుండె జారిపోయేది. మా కోస్తాలో పోతున్నానంటే ఇక తిరిగిరానట్టే; బయల్దేరేటప్పుడు ‘వెళ్ళొస్తా’ అనాల్సిందే. నేను పట్టుబట్టి ఆయనకు నేర్పించాను. మీరు నవ్వి, “పోతెనే గద బిడ్డా ఒచ్చేది” అనేవారు. ఎవరు బయల్దేరినా గుమ్మంలోకొచ్చి “పైలం” అని జాగ్రత్త చెప్పి పంపేవారు. మీరు పోయాక మా తగాదాలకు నవ్వేవాళ్ళు లేకపోయారు. ఏడాదిగా నేను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటున్నాను.

కోర్టు గేటు దగ్గర ఆయన నాదర్‌గుల్ బస్సు కోసం కదులుతూ, అలవాటుగా “వెళ్ళొస్తా” అన్నారు. అనేసి నాలుక కరుచుకున్నారు.

నాకు కోపం రాలేదత్తమ్మా. మీలాగే “పైలం” అన్నాను.