బస్సులా తిరిగే స్టీరింగు

నాన్నా, అన్నం హాట్‌బాక్సులో ఉంది. ముందు తిను, తర్వాతే ఆట.

నిన్న కంప్యూటర్ రేసులో మొదటి మలుపులోనే కారు గోడని గుద్దిందని, ఆపరేషనయ్యాక ఈ చెయ్యి ఇక బస్సుకి పనికిరాదని ముసుగుతన్ని పడుకున్నావు కదా. పొద్దున లేచి చూశా. ఆటలో ఉన్నది నేను పెట్టుకున్న రేసుకారు సెట్టింగు. కంప్యూటర్‌కి తగిలించిన ఆ స్టీరింగు పావు చుట్టు తిప్పితే చాలు, టైర్లు పూర్తిగా తిరిగిపోతాయి. నువ్వేమో అలవాటుకొద్దీ బస్సు తిప్పినట్టు చుట్టంతా తిప్పేశావు. గోడకి కాక ఎక్కడికెళ్తుంది?

ఇప్పుడు నీ బస్సులాగే చుట్లు చుట్లుగా తిరిగేలా మార్చాను. స్టీరింగు చేతిని ఎదురు నెట్టే బలం కూడా తగ్గించా, మణికట్టు లాగదు. అలవాటయ్యేకొద్దీ కొంచెం కొంచెం పెంచుకుందాం. డాక్టరు కూడా చెయ్యి బాగానే కుదురుకుంటోందనే అన్నాడు. నువ్వే ఎవర్నీ అడక్కుండా నీకు నువ్వు రిటైర్మెంటు ఇచ్చేసుకున్నావు. నా కోపమల్లా దానికే.

వెళ్తున్నా, ఆలస్యమైపోయింది.

చిన్నది

ఇంకోటి. ఎర్ర బటను హారన్‌కి పెట్టా. రేసులో ఎవడూ పక్కకి తప్పుకోడు గానీ, నీకు కొట్టందే తోచదు. సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే ఆ హారన్ వినపడాలి.