తలుపు దగ్గరగా వేసి

అమ్మలూ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగాను. అందరం అనడానికి ఇక్కడ ఉన్నది నేనూ, గోడ గడియారమూ. గడియారం క్షేమంగానే ఉంది. నా సంగతి నెమ్మదిగా రాస్తాను. నువ్వూ, అల్లుడూ, చిట్టీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. స్టేజీ మీదికి ఒక్కనాడూ ఆలస్యంగా వెళ్ళని మనిషికి కూతురికి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టిందా అని దెప్పకు. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. రాసింది మరీ బాగా వస్తోంది, అందుకని. చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. మోకాలు నా మాట వినడం మానేసింది, నేనూ దాని మాట వినడం లేదు. మీ వాతావరణ ఆఫీసు వాళ్ళు చెప్పిన వాన ఇక్కడ పడలేదు. ఆ తప్పు నీ మీద వేయనులే. కొత్త నాటకంలో వేషం ఇచ్చారా అని అడిగావు. ఇవ్వలేదు. కుర్చీలో కూర్చుని రెండు మాటలు అనే ముసలి జడ్జి వేషం ఒకటుంది. అది నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడికి ఇచ్చి జుట్టుకు తెల్లరంగు వేస్తున్నారు. "మీరు శ్రమపడకూడదండీ" అన్నాడు మా సమాజం కార్యదర్శి.

మేకప్ గదిలో మాత్రం నా ఫోటో పెద్దది చేయించి తగిలించారు. మొన్న వెళ్ళి దాని కిందే కూర్చున్నాను. కొత్తగా చేరిన నటి ఒకామె ఆ ఫోటో వైపు చూసి, "ఈయన ఉన్న రోజుల్లో ఎలా ఉండేదో" అంది పక్కామెతో. నేను కాస్త దగ్గాను. పాపం, చేతిలో పౌడరు డబ్బా కింద పడేసుకుంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక నాకు ఆ నవ్వు మిగల్లేదు.

డాక్టరు ఏమన్నాడని రెండుసార్లు రాశావు, రెండోసారి కింద గీత కూడా గీశావు. కాలేయంలో ఉన్నది మంచిది కాదట. కోసి తీసేసే దశ దాటిపోయిందట. ఆరు నెలలు అన్నాడు, అటూ ఇటూగా. నేను కుర్చీ వీపు మీద ఒక చెయ్యి వేసి, "తెర దించేది మీరు కాదుగా డాక్టరుగారూ, మీకెందుకండీ కంగారు?" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీలాంటి పేషెంటుని చూడలేదండీ" అన్నాడు. నాకు లోపల సంతోషమేసింది అమ్మలూ. అలాంటి కబురు విని కూడా మెచ్చుకోలు కోసం చెవి రిక్కించాను. ఆ మాటైనా నాది కాదు, ఏదో పాత నాటకంలోది. సమయానికి నాలుక మీదికి వచ్చేస్తుంది.

తరవాత లిఫ్టులో తప్పు మీట నొక్కి, ఆస్పత్రి దుప్పట్లు ఉతికే గదుల దగ్గర దిగాను. అక్కడ ఒక బల్ల మీద గంటసేపు కూర్చున్నాను. ఎవరూ గుర్తుపట్టలేదు. ఏ నాటకంలోని మాటా రాలేదు.

ఇక నువ్వు అడిగిన పెద్ద విషయం. అమ్మ పోయినప్పుడు నేను నీకు రాసిన ఉత్తరాన్ని నా గొంతుతో చదివి, ఫోనులో రికార్డు చేసి పంపమన్నావు. "అమ్మమ్మ ఎలా మాట్లాడేది?" అని చిట్టి అడుగుతోందనీ, అమ్మ చివరి మాటలు తాతయ్య నోట వింటే దానికి గుర్తుండిపోతాయనీ రాశావు. ఆ ఒక్క ఉత్తరమే నిన్ను నిలబెట్టిందని కూడా రాశావు. పదకొండేళ్ళుగా దాన్ని బీరువాలో దాచుకున్నావని నాకు తెలియదు.

నకలు నా దగ్గర ఉంది కనక ఫోను బల్ల మీద నిలబెట్టి చదవడం మొదలుపెట్టాను. "అమ్మాయిని ఏడవొద్దనండి. నేనెక్కడికీ వెళ్ళడం లేదు, దాని ఇంటి వెలుగులో కలిసిపోతున్నాను" అన్నచోట ఆగాను. ఎందుకాగానో తెలుసా? అక్కడ చప్పట్లు పడేవి. ఆగి నిలబడటం అలవాటైపోయింది.

అవి అమ్మ మాటలు కావు అమ్మలూ. ఒక నాటకం రెండో అంకంలో నా భార్య వేషం వేసినావిడ అనే మాటలు. ఉత్తరం మొత్తంలో నా సొంత వాక్యం ఒక్కటీ లేదు. ఇక్కడొకటీ అక్కడొకటీ తెచ్చి అతికించాను. అమ్మ ఉంటే మొదటి వాక్యానికే పట్టేసేది. వంటింట్లో ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో స్క్రిప్టు పట్టుకుని నాకు డైలాగులు అందించిన మనిషి. "ఇది రెండో అంకంలోది కదండీ, మళ్ళీ మొదలెట్టండి" అనేది.

మాటలు అరువు తెచ్చుకున్నందుకైతే నువ్వు క్షమించేస్తావు. నేను చెప్పలేకపోయింది వేరే ఉంది.

ఆ రోజు సాయంత్రం ఆస్పత్రిలో అమ్మ కాస్త తేలికగానే ఉంది. నువ్వు పురిటి మంచం మీద ఉన్నావు, చిట్టి పుట్టి నాలుగు రోజులు. కింద క్యాంటీన్‌లో ఎవరో నన్ను చూసి గుర్తుపట్టారట. ఇద్దరు వచ్చి, ఒక్క డైలాగు చెప్పి వెళ్ళమని గుమ్మంలో నిలబడ్డారు. నేను వద్దన్నాను, వద్దంటూనే చొక్కా సర్దుకున్నాను. అమ్మ చూసింది. "వెళ్ళండి, పాపం అడుగుతున్నారుగా. తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి, గాలి కొడుతోంది" అంది.

అంతే. అవే చివరి మాటలు.

క్యాంటీన్‌లో చేతులు కడుక్కునే చోట నిలబడి ఒక డైలాగు చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంకొకటి అన్నారు. ఇంకొకటి చెప్పాను. మొదటిదాంతో ఆపి ఉంటే సమయానికి అందేవాణ్ణి. నర్సులు డ్యూటీ మారే వేళ. గదిలో ఎవరూ లేరు. చెయ్యి పట్టుకుని ఉన్నానని నీకు రాశాను, నేను లేను. పైకి వెళ్ళేసరికి తలుపు నేను వదిలినట్టే బార్లా తెరిచి ఉంది. అమ్మ కాళ్ళ మీది దుప్పటి గాలికి కదులుతోంది. నేను ముందు వెళ్ళి తలుపు వేశాను. ఆ తరవాతే మంచం దగ్గరికి వెళ్ళాను.

నువ్వు దగ్గర లేకపోయానని ఇన్నేళ్ళూ బాధపడుతున్నావు. నేనున్నానన్న ధైర్యంతో ఆ బాధ దిగమింగావు. ఇప్పుడు దాన్ని కూడా లాగేసుకుంటున్నాను. కోపం వస్తే రానీ. అది నీ హక్కు.

చిట్టి కోసం వేరే రికార్డు చేశాను, ఈ ఉత్తరం అందేలోగా నీ ఫోనుకు వస్తుంది. అందులో ఒక్క మాటే ఉంది: "తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి, గాలి కొడుతోంది." నటించకుండా చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఒకసారి గొంతు బరువెక్కేది, ఒకసారి చివర సాగేది. ఎన్నోసారికో మామూలుగా వచ్చింది. అమ్మమ్మ అలా మాట్లాడేదని చిట్టికి చెప్పు.

నాకు భయంగా ఉందమ్మా. వేసినవన్నీ ధైర్యవంతుల వేషాలే కనక ఈ మాట ఎలా పలకాలో తెలియక ఊరికే రాస్తున్నాను. నేను పోయేటప్పుడు గదిలో ఎవరైనా ఉండాలని ఉంది. అది అడిగే అర్హత అందరికన్నా నాకే తక్కువ. అయినా అడుగుతున్నాను. రాగలిగితే రా.

కూతురికి కూడా ఆటోగ్రాఫు ఇస్తావేం నాన్నా అని నువ్వు ఎప్పుడూ ఎగతాళి చేస్తావుగా. ఈసారి సంతకం వంకర్లు తిప్పలేదు, చూడు.

ఇట్లు,
నాన్న