చుట్ట కాదు, బ్యాటరీ

మావా, వందనాలు.

నువ్వు పోయి ఏడాది దాటింది. బాగున్నానని చెప్పను. అబద్ధమాడడం నాకు రాదని నీకు తెలుసుగా... అక్షరాలు కూడా రావు కాబట్టి కోడలు సునీత చేత రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను.

నిన్ను చంపింది చుట్ట అని ఊరంతా తేల్చేశారు. మొదలుపెట్టింది నువ్వు కాపలా కాసిన రొయ్యల చెరువు ఆసామి. పాకలో పడుకుని చుట్ట కాల్చాడు, నిప్పు బొంతకి అంటుకుంది అన్నాడు. కారు దిగి చెప్పాడు కదా, అందరూ తలూపారు. బాప్తిస్మం తీసుకున్న రోజునే చుట్టల కట్ట కాలవలో పారేసినవాడివి నువ్వు! మళ్ళీ ముట్టావా? ముడితే నాకు వాసన తెలియదా? ఇన్నేళ్ళు నీతో కాపురం చేసింది ఆ ఆసామా, నేనా?

నీ టార్చిలైటు గుర్తొస్తోంది. ఉప్పెన చూసినప్పటి నుంచి అది లేకుండా గడప దాటేవాడివి కాదు. వెలుగు మందగిస్తే బ్యాటరీలు తీసి చేటలో ఎండకి పెట్టేవాడివి. "ఎండ తగిలితే బ్యాటరీకి ప్రాణం లేచొస్తుందే" అనేవాడివి. సాయంత్రానికి నిజంగానే కాస్త వెలిగేది. దివిసీమలో ఎవరింట చూసినా అదే విద్య.

ఆసామి ఇచ్చిన పాత ఫోనుకీ అదే వైద్యం చేశావు. చార్జింగు నిలవడం లేదని దాని బ్యాటరీ తీసి మోటారు షెడ్డు రేకు మీద పెట్టావు. చెయ్యి ఆనిస్తే బొబ్బలెక్కే రేకు! బ్యాటరీ పూరీలా ఉబ్బింది. వెనక మూత పట్టకపోతే రబ్బరు బ్యాండు వేసి బిగించావు. వద్దంటే విన్నావా? "బలం పట్టిందే, అందుకే ఒళ్ళు చేసింది" అని నవ్వావు.

ఫోను ఎత్తకపోతే ఆసామి తిట్లు. రాత్రంతా చెరువు కాసి పగలు పడుకునేవాడివి. మోగితే వినపడాలని చార్జింగులో ఉన్న ఫోనునే దిండు కింద పెట్టుకునేవాడివి. ఆ రోజు నేను అన్నం క్యారేజీ పట్టుకుని గట్టెక్కేసరికి పాక మీద పొగ...

బందరు ఆసుపత్రిలో నువ్వన్న మాట నేనొక్కదాన్నే విన్నాను. "దిండు కింద బుస్సుమందే... పామనుకున్నాను." ఆ మాట ఎంతమందికి చెప్పాను! చదువురాని ముసలిదాని మాట ఎవరిక్కావాలి? ఇది రాస్తున్న నీ కోడలు కూడా నమ్మలేదు. ఇప్పుడు తలెత్తకుండా రాస్తోంది. రాయనీ.

మొన్న చర్చిలో నీ జ్ఞాపకార్థ కూడిక పెట్టించాను. అయ్యగారు వాక్యం చెబుతూ దాచుకున్న వ్యసనాల గురించి ఎత్తారు. నీ పేరు అనలేదు, అందరి కళ్ళూ మాత్రం నా మీదే. తలతిప్పి కిటికీలోంచి చూద్దును కదా... పిట్టగోడ మీద మన సంఘపెద్ద ఏసుపాదం బావ ఫోను బ్యాటరీ ఎండుతోంది. అదీ ఉబ్బింది!

లేచి బయటికెళ్ళాను. దాన్ని మెల్లిగా స్టీలు పళ్ళెంలోకి నెట్టి, గుమ్మం ముందున్న ఇసుక మీద దించి అందరినీ పిలిచాను. ఏసుపాదం బావా, నీ ఫోను కూడా దొంగచాటుగా చుట్ట తాగుతోందా అని అడిగాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఉబ్బినదాన్ని మళ్ళీ ఫోనులో వెయ్యొద్దు, గుచ్చొద్దు, ఎండకీ పొయ్యికీ దగ్గర పెట్టొద్దు, చార్జింగు పెడితే గచ్చు మీద కళ్ళెదుట పెట్టుకోండి, పరుపు మీద కాదు అన్నాను. ఇవన్నీ నాకెవరు చెప్పారు? నీ కాలిన దిండు చెప్పింది.

అయ్యగారు గబగబా ముగింపు ప్రార్థన చేసేశారు. నీ మీద పడ్డ మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

కానీ ఆ మర్నాటి నుంచి మన పేటలో ఏ గోడ మీదా ఫోను బ్యాటరీ ఎండడం లేదు. నన్ను నమ్మకపోతే ఎందుకు తీశారు మావా? వాళ్ళ ప్రాణాలకి నా మాట పనికొచ్చింది. నీ పేరుకి మాత్రం పనికిరాలేదు.

వచ్చే ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళకి నేను లేస్తాను. కూర్చోమన్నా కూర్చోను. నువ్వు చుట్ట ముట్టలేదని అయ్యగారు తన నోటితో అనేదాకా ప్రతి ఆదివారం లేస్తాను.

నువ్వు నిశ్చింతగా పడుకో. దిండు కింద ఏమీ పెట్టుకోకు.

నీ మార్తమ్మ వేలిముద్ర